పొట్టకు నీరు పడితే మెడ కూడా చూడండి

మా చిన్నాయనది చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర పల్లె. కొంచెం చెరుకు, నాలుగు ఆవులు, పొద్దున్నే పాలకేంద్రం, అదీ ఆయన జీవితం. బీడీ లేదు, మందు వాసన కూడా పడదు. అట్లాంటి మనిషికి యాభై రెండో ఏట పొట్ట పెరగడం మొదలైంది. మొదట గ్యాస్ అనుకున్నారు, తర్వాత ఎవరో కళ్ళు పచ్చగా ఉన్నాయంటే పసరు తాగించారు, ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో స్కానింగ్ తీసి లివర్ ఉబ్బింది, పొట్టకు నీరు పట్టింది అన్నారు. అప్పటి నుంచి రెండేళ్ళు ఆయన లివర్ పేషెంటే. నీటి మాత్రలు, ఉప్పు లేని కూడు, కొన్ని నెలలకొకసారి సూది పెట్టి నాలుగైదు లీటర్ల నీరు తీయించుకోవడం. తాగకుండా లివర్ ఎట్లా చెడిపోతుంది అని చిన్నమ్మను మొహం మీదే అడిగినవాళ్ళు ఉన్నారు. ఆమె ఎక్కువగా ఏడ్చింది ఆ మాటకే.

ఆయన లివర్‌లో పుట్టిన జబ్బు ఏదీ లేదు. గుండె కండ కూడా బాగానే ఉంది. చెడింది గుండె చుట్టూ సంచిలా ఉండే పొర. ఆ జబ్బు పేరు కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్, అంటే గుండె పొర గట్టిపడి గుండెను బిగించేయడం. అరుదైన జబ్బే, కానీ సమయానికి కనుక్కుంటే ఆపరేషన్‌తో నయం చేయగల జబ్బు. ఇంత చెప్పుకోవడానికి కారణం కూడా అదే. నయం అయ్యే జబ్బును నయం కాని జబ్బు పేరుతో ఏళ్ళ తరబడి మోయడం కంటే అన్యాయం నాకు ఇంకొకటి తోచదు.

మధ్యలో ఒకసారి గుండె కూడా చూపించాం. ఎకో, అంటే గుండె స్కానింగ్ తీశారు, ఈఎఫ్ 60 అని వచ్చింది, గుండె బ్రహ్మాండంగా ఉంది అన్నారు, మేమూ ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఒక్క అంకె దగ్గరే అందరం మోసపోయాం కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను.

గుండెకు రెండు పనులు. రక్తాన్ని బయటికి తోయడం ఒకటి, మళ్ళీ వదులై రక్తం నింపుకోవడం రెండోది. ఈఎఫ్ మొదటి పని గురించే చెప్తుంది. గుండె ఎడమ గదిలోకి వచ్చిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎన్నో వంతు బయటికి పోతోంది అనేదే ఆ లెక్క. గదిలో 120 మిల్లీలీటర్లు నిండి 72 బయటికి పోతే ఈఎఫ్ 60 శాతం. అదే గదిలో 60 మాత్రమే నిండి 36 పోయినా ఈఎఫ్ 60 శాతమే. ఒంటికి అందే రక్తం సగానికి పడిపోయింది, రిపోర్టులో అంకె మాత్రం కదల్లేదు. బోరులో నీళ్ళు మోటారుకు అందకపోతే మోటారు ఎంత కొత్తదైనా మడి తడవదు కదా, అదే సంగతి.

గుండె పొర మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రెండు వరసలు, మధ్యలో జారుడుకు కొద్దిగా ద్రవం. అందులో గుండె హాయిగా సాగుతుంది, ముడుచుకుంటుంది. టీబీ వల్లో, వైరస్ వల్లో, ఛాతీకి ఇచ్చిన రేడియేషన్ వల్లో, ఒక్కోసారి పాత గుండె ఆపరేషన్ వల్లో ఆ పొర వాచి, మానేటప్పుడు మచ్చకట్టి, రెండు వరసలూ అతుక్కుపోయి, కొందరిలో సున్నం పేరుకుని టెంకాయ చిప్పలా తయారవుతుంది. పాతకాలం జర్మన్ డాక్టర్లు దీన్ని కవచం తొడిగిన గుండె అనేవాళ్ళు. చిప్ప లోపల గుండె కొంతవరకే సాగగలదు, ఆ పైన ఒక్క చుక్క కూడా పట్టదు. లోపలికి రాలేని రక్తం వెనక్కి ఎగదన్నుతుంది. ముందు మెడ సిరలు ఉబ్బుతాయి, తర్వాత లివర్ రక్తంతో నిండి బరువెక్కుతుంది, పొట్టలోకి నీరు ఊరుతుంది, కాళ్ళు వాస్తాయి. చాలామందిలో కాళ్ళ వాపు కంటే పొట్టే ముందు పెరుగుతుంది. అందుకే చూసినవాళ్ళ చూపు లివర్ మీదికి పోతుంది. నిజంగానే లివర్ ఉబ్బి ఉంటుంది, లివర్ పరీక్షల అంకెలూ కాస్త తేడాగా వస్తాయి, ఇక అనుమానించడానికి ఏముంది అనిపిస్తుంది.

తేడా పట్టించేది మెడ.

చిన్నాయనను చివరికి సరిగ్గా చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఫైలు పక్కన పెట్టి, మంచం తల వైపు ఎత్తించి, ఆయన మొహం కొంచెం ఎడమకు తిప్పమని, సెల్‌ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి కుడి మెడ వైపు దాదాపు నిమిషం సేపు చూసింది. సరిగ్గా కనపడలేదేమో, లేపి నిటారుగా కూర్చోబెట్టింది. అప్పుడు కనపడింది, చెవి తమ్మె కిందిదాకా నిండి కొట్టుకుంటున్న సిర. ఒత్తిడి మరీ ఎక్కువైతే సిర నిండిన పై అంచు దవడ వెనక్కి పోయి దాక్కుంటుందట, పడుకోబెట్టి చూసి ఏమీ లేదని వదిలేసేది అందుకేనట. తర్వాత ఊపిరి నిదానంగా, లోతుగా పీల్చు పెద్దాయనా అంది. మామూలు మనిషిలో ఊపిరి పీల్చినప్పుడు ఆ సిర ఖాళీ అయి కిందికి దిగుతుంది, ఎందుకంటే ఛాతీ రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది. ఈయనకు ఇంకా పైకి ఉబ్బింది. లాక్కోవడానికి గుండెలో చోటు లేదు మరి. దీనికి కుస్‌మాల్ గుర్తు అని పేరు, 1873లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మాల్ రాసిన గమనింపు. గుండె కుడి వైపు చెడిన మరికొన్ని జబ్బుల్లోనూ ఇది కనపడుతుంది, కాబట్టి ఇదొక్కటే తీర్పు కాదు. కానీ లివర్ గట్టిపడి పొట్టకు నీరు పట్టినవాళ్ళలో సాధారణంగా మెడ సిరలు ఇలా నిండి ఉండవు. పొట్టలో నీరు, మెడలో ఉబ్బు, రెండూ ఉంటే గుండెను వదలకుండా వెతకాల్సిందే.

మెడ తర్వాత చూడాల్సింది తీసిన నీరు. పొట్టలోంచి తీసిన నీటిని ల్యాబ్‌కు పంపితే అందులో ప్రొటీన్ ఎంత ఉందో చెప్తారు, పెద్ద ఖర్చు కాదు. లివర్ గట్టిపడి వచ్చిన నీటిలో అది డెసీలీటరుకు 2.5 గ్రాముల లోపే ఉండటం మామూలు. గుండె వైపు నుంచి ఎగదన్ని వచ్చిన నీటిలో సాధారణంగా 2.5 దాటుతుంది. టీబీ నీటిలోనూ, క్యాన్సర్ నీటిలోనూ ప్రొటీన్ ఎక్కువే ఉండొచ్చు, అందుకని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ రక్తంలో ఎంత ఉందో, ఆ నీటిలో ఎంత ఉందో పక్కపక్కన పెట్టి తేడా చూస్తారు. తేడా 1.1 గ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉండి ప్రొటీన్ కూడా ఎక్కువగా ఉంటే బాణం గుర్తు గుండె వైపు చూపిస్తున్నట్టు.

మరి ఎకోలో ఎందుకు దొరకలేదు అని మీరు అడుగుతారు, మేమూ అడిగాం. ఎకోలో దొరుకుతుంది, కానీ దీని కోసమే వెతికితే. ఊపిరితో పాటు కొలతలు తీయాలి. పేషెంటు ఊపిరి పీల్చినప్పుడు గుండె ఎడమ గదిలోకి వచ్చే రక్తం వేగం పాతిక శాతం, అంతకంటే ఎక్కువ పడిపోతుందా, రెండు గదుల మధ్య గోడ అటూ ఇటూ ఉలిక్కిపడినట్టు కదులుతోందా, లివర్ సిరలో రక్తం ఊపిరి వదిలేటప్పుడు వెనక్కి తంతోందా, ఇవీ చూడాల్సినవి. రద్దీలో పది నిమిషాల్లో తీసే మామూలు ఎకోలో వీటికి తీరిక ఉండదు. అందుకే చీటీ మీద ఎకో అని మాత్రమే కాకుండా, కన్‌స్ట్రిక్షన్ ఉందేమో చూడండి అని డాక్టరు చేత రాయించుకోవడం అంత ముఖ్యం. వెతికేవాళ్ళకు ఏం వెతకాలో తెలియాలి.

ఊపిరికీ ఈ జబ్బుకీ సంబంధం ఏమిటంటే, ఇరుకు మంచంలో ఇద్దరు పడుకున్నారనుకోండి, ఒకరు కాళ్ళు చాపినప్పుడల్లా రెండోవాళ్ళు ముడుచుకోవాలి. గట్టి పొర లోపల గుండె కుడి గది, ఎడమ గది అట్లాగే ఉంటాయి. ఊపిరి పీలిస్తే కుడి గది నిండి ఎడమ గదిని నొక్కుతుంది, వదిలితే ఎడమది కుడిదాన్ని నొక్కుతుంది. ఎకోలో అనుమానం తీరకపోతే తొడ దగ్గర్నుంచో చేతి దగ్గర్నుంచో సన్నని గొట్టాలు పంపి రెండు గదుల ఒత్తిడిని ఒకేసారి గీస్తారు. ఒకటి పెరిగినప్పుడు రెండోది తగ్గితే తప్పు పొరది. రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గితే తప్పు గుండె కండది. ఈ రెండోదాన్ని రెస్ట్రిక్టివ్ కార్డియోమయోపతి అంటారు, అంటే కండే బిరుసెక్కి సాగకపోవడం. బయటికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, అదే పొట్ట, అదే వాపు, అదే ఆయాసం. కానీ కండ జబ్బులో పొర తీస్తే ఒరిగేది ఏమీ లేదు, ప్రాణానికే ప్రమాదం. పొర జబ్బులో తీయకపోతే అంతే ప్రమాదం. ఈ పరీక్షలన్నీ అవసరమా అని విసుక్కునే ఇంటివాళ్ళకు నేను చెప్పేది ఇదే, కత్తి పెట్టాలా వద్దా అన్నది తేల్చేది ఆ గీతలే.

సీటీ స్కాన్‌లో పొర మందం, సున్నం కనపడతాయి. అయితే మందంగా లేదు కాబట్టి జబ్బు లేదని అనుకోకూడదు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ఆపరేషన్‌లో రుజువైన 143 మందిని చూస్తే, 18 శాతం మందిలో పొర మందం మామూలుగానే ఉంది. పల్చని పొర కూడా బిగుసుకోగలదు.

మన దేశంలో ఈ జబ్బుకు పెద్ద కారణం టీబీ. ఊపిరితిత్తులకే కాదు, గుండె పొరకూ పడుతుంది. మొదట పొరలో నీరు చేరుతుంది, జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తాయి. ఆ దశలోనే పట్టుకుని ఆరు నెలల మందులు పూర్తిగా వాడితే చాలామందికి బిగుసుకునే దాకా పోదు. మా ఇంట్లో ట్రంకు పెట్టె వెతికితే పన్నెండేళ్ళ నాటి టీబీ చీటీ దొరికింది. ఛాతీలో నీరు అని రాసి ఉంది. మూడు నెలలు వాడి, ఒళ్ళు తేలికపడింది కదా అని మానేశాడట, ఆ సంగతి ఎవరికీ గుర్తు కూడా లేదు. స్టెరాయిడ్లు ఇస్తే బిగుసుకోకుండా ఆపొచ్చా అని ఆఫ్రికాలో 8 దేశాల్లో 1,400 మంది మీద పరీక్షించి 2014లో ఫలితాలు చెప్పారు. మరణాలు తగ్గలేదు కానీ, పొర బిగుసుకోవడం 7.8 శాతం నుంచి 4.4 శాతానికి తగ్గింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో మాత్రం క్యాన్సర్లు పెరిగాయి, అందుకే ఎవరికి ఇవ్వాలో చూసి ఇస్తారు.

ఇంకొక మాట, బిగుసుకున్న ప్రతి పొరనూ కోసి తీయనక్కర్లేదు. కొందరిలో వాపు ఇంకా పచ్చిగా ఉంటుంది, ఎంఆర్‌ఐలో ఆ వాపు వెలుగుతుంది, రెండు మూడు నెలలు వాపు తగ్గే మందులు వాడితే పొర మళ్ళీ వదులయ్యే అవకాశం ఉంది. మచ్చ ఎండిపోయి గట్టిపడ్డాక మాత్రం మందులు పని చేయవు. నీటి మాత్రలు నీటిని తగ్గిస్తాయి, చిప్పను కరిగించలేవు.

అప్పుడు చేసేది పెరికార్డియెక్టమీ, పొరను తీసేసే ఆపరేషన్. ఆలోచన పాతదే, ఫ్రెంచ్ సర్జన్ ఎడ్మండ్ డెలార్మ్ 1898లోనే ఈ పొరను ఒలిచేయొచ్చు అన్నాడు. చెప్పడం తేలిక, చేయడం చాలా నిదానం పని. ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి తెరుస్తారు. తెల్లగా గట్టిగా ఉన్న పొర మీద చిన్న గాటు పెట్టి, పొర తర్వాత పొర దిగుతూ పోతే ఒక చోట ఎర్రటి కండ గాటులోంచి ఉబికి వస్తుంది, దొరికింది అసలు సందు అన్నమాట. అక్కడి నుంచి కొట్టుకుంటున్న గుండె మీదే, అంగుళం అంగుళం ఒలుచుకుంటూ పోవాలి. సాధారణంగా ముందు ఎడమ గదిని విడిపిస్తారు, ఆ తర్వాతే కుడిది. కుడిది ముందు వదులైతే అది జోరుగా తోసే రక్తం ఇంకా బిగిసి ఉన్న ఎడమ గదిలోకి పోలేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. రెండు పక్కలా ఫ్రెనిక్ నరాలు ఉంటాయి, ఊపిరి పీల్చే డయాఫ్రమ్‌ను ఆడించేవి, అవి తెగకూడదు. కొన్నిచోట్ల సున్నం కండలోకి ముల్లులా దిగి ఉంటుంది, దాన్ని లాగితే గుండె చిరుగుతుంది, కాబట్టి ఆ కొంచెం ముక్కను దీవిలా వదిలేయడమే తెలివి. గుండె ఊపిరితిత్తుల పని చేసే మెషిన్ పక్కనే సిద్ధంగా ఉంచుకుంటారు.

ముందు భాగం మాత్రం తీసి కుట్టేస్తే సరిపోదు. కింద డయాఫ్రమ్ వైపు, పక్కల, వీలైనంత వెనక దాకా తీయాలి, మిగిలిన పొర మళ్ళీ బిగించే ప్రమాదం ఉంది. సర్జన్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న నా దృష్టిలో ఇదే: ఎంతవరకు తీస్తారు, ఇట్లాంటివి మీ దగ్గర ఏడాదికి ఎన్ని చేస్తారు? మంచి సర్జన్ ఈ ప్రశ్నకు బాధపడరు.

చిన్నాయనకు ఆపరేషన్ అయ్యాక, తీసిన పొరను బయాప్సీకి పంపే ముందు మాకు చిన్న డబ్బాలో ఆ ముక్కలు చూపించారు. పాత తోలు చెప్పు అడుగు ముక్కల్లా ఉన్నాయి, ఒకటి రెండింట్లో సున్నం గోరుకు గీరుకుంటోంది. దీని మధ్య గుండె రెండేళ్ళు, బహుశా ఇంకా ఎక్కువే కొట్టుకుందంటే చిన్నమ్మ ఆ డబ్బా వంక చూడలేకపోయింది.

ప్రమాదం సంగతి దాచకూడదు. పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో కూడా ఈ ఆపరేషన్‌లో ప్రాణనష్టం తరచుగా 5 నుంచి 10 శాతం దాకా కనపడుతుంది, రేడియేషన్ వల్ల వచ్చినవాళ్ళలో, మరీ ఆలస్యంగా వచ్చినవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఏళ్ళ తరబడి సాగకుండా ఉన్న కండ పల్చబడిపోతుంది, పొర తీసిన వెంటనే వచ్చే రక్తాన్ని మోయలేక కొన్ని రోజులు మందుల ఆసరాతో నడుస్తుంది. పొట్ట కూడా ఆపరేషన్ అయిన మర్నాడే దిగిపోదు. కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. చిన్నాయనకు నెల దాటినా కాళ్ళ వాపు పోకపోతే ఇంట్లో అందరికీ టెన్షన్, ఆపరేషన్ ఫెయిలైందని ఊళ్ళో మాట కూడా పుట్టింది. నీటి మాత్ర పూర్తిగా ఆపింది ఆరో నెలలో.

పొర జబ్బు మీదే ఇంతసేపు చెప్పాను కానీ, మామూలు జబ్బు పేరు వెనక దాక్కుని ఆపరేషన్‌తో నయమయ్యేవి ఇంకా ఉన్నాయి. ఆస్తమా అని ఏళ్ళుగా ఇన్‌హేలర్ కొడుతున్నా ఆయాసం తగ్గనివాళ్ళలో కొందరికి అసలు సంగతి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పాత గడ్డలు కరగకుండా మచ్చలై అతుక్కుపోవడం. దీన్ని సీటెఫ్ అంటారు. ఎప్పుడో కాలు వాచి రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉండొచ్చు, ఉండకపోవచ్చు కూడా. దీనికి వెతికే పరీక్ష వీక్యూ స్కాన్, ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి అందుతున్నాయో చూసేది, అది నార్మల్‌గా వస్తే ఈ జబ్బు దాదాపు లేనట్టే. ఆపరేషన్ వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఒంటి వేడిని 20 డిగ్రీల దగ్గరికి దించి, రక్తప్రసరణ మొత్తం ఆపి, ఒక్కో విడత ఇరవై నిమిషాలు మించకుండా, నాళం లోపలి మచ్చను కొమ్మల్లాగా చీలిన ఆకారంలోనే ఒలిచి బయటికి తీస్తారు. అమెరికాలో శాన్ డియాగో వాళ్ళు దీన్ని తీర్చిదిద్దారు, అనుభవం ఉన్న చోట ప్రాణనష్టం రెండు శాతం దగ్గరికి తెచ్చారు. తర్వాత జీవితాంతం రక్తం పల్చబడే మందు వాడాలి. ఆపరేషన్ కుదరనివాళ్ళకు బెలూన్‌తో నాళాలు తెరవడం, మందులు ఉన్నాయి.

పసిబిడ్డల్లో ఇంకొకటి, అల్కాపా. మూడు లక్షల పుట్టుకల్లో ఒకటి అంటారు. గుండెకే రక్తం ఇచ్చే ఎడమ నాళం పుట్టాల్సిన చోట కాకుండా ఊపిరితిత్తులకు పోయే నాళంలోంచి పుడుతుంది. పుట్టిన కొన్ని వారాల వరకు బిడ్డ బాగానే ఉంటుంది, తర్వాత ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి తగ్గేకొద్దీ గుండె కండకు రక్తం అందదు. పాలు తాగేటప్పుడు నుదురంతా చెమట, మధ్యలో ఆపి కేకలు పెట్టి ఏడుపు, బరువు పెరగకపోవడం. కడుపునొప్పి అని వాము నీళ్ళు పోస్తారు. ఎకోలో గుండె పెద్దదైంది, కండ బలహీనం అని మాత్రమే రాసి వదిలేస్తే బిడ్డ చేజారిపోతుంది. ఆ నాళం ఎక్కడ పుట్టిందో వెతికి, దాన్ని తీసి సరైన చోట కుడితే, నీరసించిన ఆ గుండె నెలల్లో చాలావరకు కోలుకుంటుంది. మన తిరుపతిలో పసిపిల్లల గుండె కోసం టీటీడీ 2021లో శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది. పాలు తాగే బిడ్డకు చెమటలు పడుతుంటే చూపించడానికి బెంగళూరు దాకా పోనక్కర్లేదు.

పెద్దవాళ్ళకు మన జిల్లాలో ఎప్పుడూ ఉండే చర్చ, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికా, రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికా అని. చిత్తూరు నుంచి తిరుపతి డెబ్బై కిలోమీటర్లు, రాయవేలూరు నలభై. ఎక్కడికి పోయినా ఎవరు ఏది చేస్తారో ముందు కనుక్కుని పోండి, ఆరోగ్యశ్రీ అని మనం ఇప్పటికీ పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవలో మీ ఆపరేషన్ ఉందో లేదో ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడ్మిషన్‌కు ముందే అడగండి. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పోయేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే పట్టుకుపోకండి. పాత ఎక్స్‌రేలు, ఎకో సీడీ ఇస్తే సీడీ, టీబీ చీటీ, తీసిన నీటి ల్యాబ్ కాగితాలు, అన్నీ తేదీల వారీగా పెట్టుకోండి. చిన్నాయన ఫైలును ఆ డాక్టరమ్మ మొదటి నుంచి తిరగేస్తూ ఒక కాగితం దగ్గర ఆగి, పెన్నుతో సున్నా చుట్టింది. మొట్టమొదటిసారి పొట్టలోంచి తీసిన నీటి రిపోర్టు అది. ప్రొటీన్ 3.8 అని అప్పుడే అచ్చయి ఉంది.